మాంట్రియల్ మెరుపు హోవీ మోరెంజ్

హాకీ అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేవి పచ్చిక మైదానమూ, ధ్యాన్‌చంద్ పేరూ. కెనడా దేశంలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ చలికాలంలో నదులూ చెరువులూ గడ్డకట్టి రాతినేల వలె బిగుసుకొంటాయి. పిల్లలు చెప్పులకు ఉక్కు అలుగులు బిగించుకొని ఆ మంచుమీద జారుతూ, వంపు తిరిగిన కర్రలతో ఒక నల్లని రబ్బరు బిళ్ళను తరుముతారు. ఆ బిళ్ళకు పక్ అని పేరు. అది బంతివలె దొర్లదు, మంచుమీద జారిపోతుంది. బరిలో జట్టుకు ఆరుగురు. చుట్టూ కొయ్యపలకల ప్రహరీ. ఆటగాళ్ళు పరుగెత్తే గుర్రాల వేగంతో జారుతూ ఒకరినొకరు ఢీకొంటారు. చూచేవారికి కన్ను మూసి తెరిచేలోగా గోల్ జరిగిపోతుంది.

ధ్యాన్‌చంద్ 1905లో పుట్టినాడు. అతనికంటె మూడేండ్లు ముందు పుట్టి, మంచు హాకీలో అంతటి పేరు పొందినవాడు హోవీ మోరెంజ్. 1950లో కెనడా పత్రికారంగం ఆ అర్ధశతాబ్దంలో సాటిలేని హాకీ ఆటగాడు ఎవరని విచారించినప్పుడు అతని పేరే ఎంచినది. అతడు చనిపోయి అప్పటికి పదమూడేండ్లు గడిచినవి.

అయితే మోరెంజ్ కథ గోల్స్ లెక్క మాత్రమే కాదు. ఒక ఊరు తాను ప్రాణంగా చూచుకొన్న ఆటగాణ్ణి పోగొట్టుకొంటే ఏమవుతుంది, పోయినవాడు తిరిగి వస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నకు అతని జీవితం ఒక సమాధానం. ఈనాటి ఆటగాడు ఒప్పందం గడువు తీరిన తరువాత తనకు నచ్చిన జట్టుకు పోవచ్చును. అభిమానులు అతణ్ణి తిట్టుకోవచ్చును, ఏడ్వవచ్చును, కాని పోయినది అతని ఇష్టమని వారికి తెలుసు. మోరెంజ్ కాలంలో అటువంటి స్వేచ్ఛ లేదు. ఒకసారి సంతకం చేసిన ఆటగాడు జట్టు యజమాని సొత్తు. ఉంచుకొన్నా, అమ్మినా, మరొకరితో మారకం వేసుకొన్నా అది యజమాని చిత్తం.

థేమ్స్ నది ఒడ్డున

హోవార్త్ విలియం మోరెంజ్ 1902లో ఆంటారియో రాష్ట్రంలోని మిచెల్ అనే చిన్న ఊరిలో జన్మించినాడు. జర్మన్ సంతతి కుటుంబం. ఆరుగురు సంతానంలో అతడు కడగొట్టువాడు. ఇంగ్లండు నుండి వలస వచ్చినవారు పాత పేర్లు మరువలేక ఆ ఊరి నదికి థేమ్స్ అని పేరు పెట్టుకొన్నారు. చలికాలమంతా అది గడ్డకట్టి పిల్లలకు ఆటస్థలమయ్యేది. తల్లి కుమారునికి పియానో నేర్పించవలెనని సంకల్పించినదనీ, పాఠానికని ఇల్లు వెడలిన పిల్లవాడు నదిమీద తేలేవాడనీ చెప్పుకొంటారు. మొదట అతణ్ణి గోల్ కాపలాకు నిలబెట్టినారు. ఒక ఆటలో ఎదుటి జట్టు 21 గోల్స్ కొట్టినదట. అంతటితో అతడు కాపలా మాని ముందువరుసకు వచ్చినాడు. కాపలాకు పనికిరాని పిల్లవానికి కాళ్ళలో గాలి ఉన్నదని అప్పుడు తెలిసినది.

తరువాత కుటుంబం దగ్గరలోని స్ట్రాట్‌ఫర్డ్ పట్టణానికి చేరినది. ఆ పేరు మన సాహిత్యప్రియులకు పరిచితమే. షేక్స్‌పియర్ పుట్టిన ఊరి పేరునే వలసవారు అక్కడా పెట్టుకొన్నారు. ఆ ఊరి నదికి ఎవాన్ అని కూడా పేరు పెట్టినారు. 1953 నుండి అక్కడ షేక్స్‌పియర్ నాటకోత్సవాలు జరుగుతున్నవి. కాని 1920 ప్రాంతంలో ఆ ఊరికి గర్వకారణం నాటకాలు కావు, రైల్వే వర్కుషాపూ, హాకీ జట్టూ. మోరెంజ్ పగలు రైల్వే వర్కుషాపులో పని నేర్చుకొనేవాడు, సాయంకాలం స్ట్రాట్‌ఫర్డ్ జట్టు తరఫున ఆడేవాడు. 1921లో ఆ జట్టు కెనడా దేశపు యువకుల జట్లలో తుదిపోటీ దాకా పోయి విన్నిపెగ్ జట్టు చేతిలో ఓడినది. పొరుగూళ్ళవారు కూడా అతని ఆట చూడటానికి వచ్చేవారు. స్ట్రాట్‌ఫర్డ్ మెరుపు అన్న బిరుదు అతనికి అప్పుడే వచ్చినది.

వద్దన్నా విడువని సంతకం

రైల్వే ఉద్యోగుల జట్ల పోటీకై మోరెంజ్ ఒకసారి మాంట్రియల్ నగరానికి పోయినాడు. ఆ ఆటలో ఒక్కడే 9 గోల్స్ చేసినాడు. మాంట్రియల్ కెనడియన్స్ జట్టు యజమాని లియో దాండ్యురాన్‌కు ఆ వార్త చేరినది.

కెనడియన్స్ జట్టు సంగతి ఇక్కడ కొంత చెప్పవలసి ఉన్నది. మాంట్రియల్‌లో ఫ్రెంచి మాటలాడేవారు అధికసంఖ్యాకులు. అయినా వ్యాపారాలూ, బ్యాంకులూ, పెద్ద పదవులూ ఎక్కువగా ఆంగ్లేయ సంతతివారి చేతిలో ఉండేవి. 1909లో ఫ్రెంచి వారికోసమే కెనడియన్స్ జట్టు ఏర్పడినది. కర్మాగారాల కూలీలూ, రేవు పనివారూ దానిని తమ ఇంటి జట్టుగా భావించేవారు. అటువంటి జట్టు, జర్మన్ పేరు గల ఆంటారియో కుర్రవానికోసం ఆరాటపడినది. టొరంటో జట్టు కూడా అతనిపై కన్ను వేసినదని తెలిసి దాండ్యురాన్ త్వరపడినాడు. తన సహచరుడు సెసిల్ హార్ట్‌ను స్ట్రాట్‌ఫర్డ్‌కు పంపించినాడు. 1923 జూలై నెలలో మోరెంజ్ సంతకం చేసినాడు.

సంతకం సిరా ఆరకముందే స్ట్రాట్‌ఫర్డ్‌లో అలజడి బయలుదేరినది. వ్యాపారులూ, క్రీడాసంఘం పెద్దలూ, మతాచార్యులూ సైతం మోరెంజ్ ఊరు విడిచి పోరాదని పట్టుబట్టినారు. డబ్బుకోసం ఆడటం గౌరవం కాదని కొందరు, పెద్ద నగరంలో పిల్లవాడు చెడిపోతాడని కొందరు, వర్కుషాపు ఉద్యోగం స్థిరమైనదని కొందరు. అన్ని వాదాల అడుగునా ఉన్నది ఒకటే: మన పిల్లవాడు మనకు కావాలి. మోరెంజ్ మనస్సు కూడా చలించినది. ఆ పెద్దపోటీలో తాను నిలువగలనా అన్న భయం ఒకటి, ఇల్లు విడువలేని బెంగ మరొకటి. అతడు దాండ్యురాన్‌కు ఉత్తరం వ్రాసి, ముందుగా తీసుకొన్న సొమ్ము చెక్కును తిప్పి పంపి, తన్ను విడిచిపెట్టవలసినదిగా ప్రార్థించినాడు.

దాండ్యురాన్ విడువలేదు. అతణ్ణి మాంట్రియల్‌కు రప్పించి మాటలాడినాడు. మోరెంజ్ కన్నీరు పెట్టుకొన్నాడు. ఒప్పందాన్ని కాదంటే వృత్తి హాకీలో ఇక ఎక్కడా ఆడే అవకాశం ఉండదని యజమాని స్పష్టం చేసినాడు. ఆ యువకుడు తలవంచినాడు. స్ట్రాట్‌ఫర్డ్ తన మెరుపును పోగొట్టుకొన్నది. ఏ కాగితం అతణ్ణి నాడు వెనుకకు పోనీయలేదో, ఆ విధమైన కాగితమే పదకొండేండ్ల తరువాత అతణ్ణి మాంట్రియల్ నుండి పంపివేసినది.

లక్షాధికారుల దేవుడు

ఆ రోజులలో ఎదుటి జట్టు గోల్ సమీపంలో పక్‌ను ముందుకు అందించటం నిషిద్ధం. 1929లో గాని ఆ నిబంధన సడలలేదు. కాబట్టి పక్‌ను కర్ర కొసన నిలుపుకొని శత్రువ్యూహం మధ్యనుండి స్వయంగా దూసుకొని పోగలవానికే గోల్. మోరెంజ్ అటువంటివాడు. ఆకారం పెద్దది కాదు. తన గోల్ వెనుకనుండి బయలుదేరి, రెండు మూడు అంగలలోనే పూర్తివేగం అందుకొని, ఎదురుగా ఇద్దరు నిలిచినప్పుడు వారిని చుట్టి పోక, వారి నడుమ సందులోనుండియే దూరి పోయేవాడు. దెబ్బ తగిలి పడినా లేచి మళ్ళీ అదే సందు వెదకేవాడు.

మొదటి సీజనులోనే, అనగా 1924లో, కెనడియన్స్ జట్టు స్టాన్లీ కప్ గెలిచినది. కాల్గరీ జట్టుతో తుదిపోటీ మొదటి ఆటలో మోరెంజ్ మూడు గోల్స్ చేసినాడు. నిశ్శబ్దంగా గోల్ కాచే జార్జి వెజినా వెనుక, పొట్టివాడైన ఔరెల్ జోలియా ఎడమప్రక్క, మోరెంజ్ నడుమ. జోలియా, మోరెంజ్ కలకాలం మిత్రులైనారు. 1927-28 సీజనులో మోరెంజ్ 33 గోల్స్, 18 సహాయాలు చేసి లీగు మొత్తానికి అగ్రస్థానం పొందినాడు. ఆ ఏడు అత్యుత్తమ ఆటగానికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ అతనికి వచ్చినది. 1931లోను 1932లోను మళ్ళీ అదే బహుమానం. దానిని మూడుసార్లు పొందిన మొదటి ఆటగాడు అతడే. 1929-30లో 44 ఆటలకు 40 గోల్స్ చేసినాడు. ఆ ఏడు బోస్టన్ జట్టు సీజను మొత్తంలో ఓడిన ఆటలు 5 మాత్రమే. అటువంటి జట్టును కెనడియన్స్ తుదిపోటీలో వరుసగా రెండు ఆటలలో ఓడించి కప్ తెచ్చుకొన్నది. 1931లో మరల కప్. ఆ పోటీలలో ఒక్క గోల్ కూడా చేయలేక తపించిపోయిన మోరెంజ్, షికాగో జట్టుతో జరిగిన చిట్టచివరి ఆటలో గోల్ చేసి బరువు దించుకొన్నాడు.

కెనడియన్స్ జట్టు 1926 నుండి ఫోరం అనే పెద్ద క్రీడాభవనంలో ఆడేది. అందులో గోల్ వెనుక వైపు చౌక టిక్కెట్ల ప్రేక్షకులు తమకు తాము లక్షాధికారులమని పేరు పెట్టుకొన్నారు. వారిలో చాలామంది రెక్కాడితే గాని డొక్కాడనివారు. ఆ పేరులోని హాస్యం వారిదే, గర్వమూ వారిదే. మోరెంజ్ పక్ అందుకొని తిరిగినాడంటే ఆ వరుసలన్నీ ఒక్కసారిగా లేచేవి. అతడు ఫ్రెంచివాడు కాడు. అయినా వారు అతణ్ణి తమవానిగా చేసుకొన్నారు. తమను లెక్కచేయని నగరంలో, ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా వాని నడుమనుండి దూసుకుపోయే మనిషి ఒకడు తమ చొక్కా తొడిగి ఆడుతున్నాడు. ఆ చొక్కా వెనుక అంకె 7.

బరి వెలుపల మోరెంజ్ షోకైన మనిషి. మంచి దుస్తులంటే ఇష్టం. రోజుకు రెండు మూడు జతలు మార్చేవాడు. తీగవాద్యం వాయించి పాటలు పాడేవాడు. గుర్రప్పందాలలో సొమ్ము పోగొట్టుకొనేవాడు. చేయిచాచినవానికి లేదనేవాడు కాడు. కాని జట్టు ఓడిన రాత్రి నిద్రపోయేవాడు కాడు. తన తప్పువల్లనే ఓటమి కలిగినదని తలపోస్తూ తెల్లవార్లూ వీధులు తిరిగేవాడని అతని సహచరులు చెప్పేవారు. 1926లో మేరీ మెకే అనే యువతిని వివాహమాడినాడు. ఇంటిలో ఇల్లాలూ బిడ్డలూ ఉన్నారు. అయినా అతని ప్రాణం ఫోరంలోనే ఉండేది.

ఈలలు వేసిన నోళ్ళు

వేగమే ధనమైన ఆటగానికి వయస్సు అప్పులవాడు. ముప్పై దాటిన తరువాత మోరెంజ్ కాళ్ళు మునుపటి మాట వినలేదు. 1932-33లో 14 గోల్స్. 1933 డిసెంబరులో సై డెనెనీ పేరిట ఉన్న లెక్క దాటి, లీగు పుట్టిన నాటినుండి అందరికంటె ఎక్కువ గోల్స్ చేసినవాడైనాడు. అయినా ఆ సీజను ముగిసేసరికి అతనివి 8 గోల్స్ మాత్రమే. చీలమండ గాయం మరింత క్రుంగదీసినది.

అవి ఆర్థికమాంద్యపు రోజులు. మాంట్రియల్‌లో వేలమంది పనిలేక తిరుగుతున్నారు. మిగిలిన నాణేలు పోగుచేసి టిక్కెట్టు కొన్నవానికి పాత మెరుపు కావాలి. కనబడకపోతే కోపం వచ్చేది. మోరెంజ్ వెనుకబడినప్పుడు, పక్ పోగొట్టుకొన్నప్పుడు, ఫోరంలో ఈలలూ ఎగతాళి కేకలూ వినబడసాగినవి. అతణ్ణి తలకెత్తుకొన్న భవనంలోనే, అదే వరుసలనుండే. ఓటమికి నిద్రపోని మనిషికి ఆ ధ్వని ఎంతటి శిక్షయో ఊహించవచ్చును.

దాండ్యురాన్‌కు ఖర్చుల బాధ ఉన్నది, ప్రేక్షకులు తగ్గినారన్న చింత ఉన్నది, తన ఆటగానికి జరుగుతున్న అవమానం చూడలేని బాధా ఉన్నది. వీనిలో ఏది ఎంత పని చేసినదో విడదీయటం కష్టం. 1934 అక్టోబరు 3వ తేదీన మోరెంజ్‌ను, గోల్ కీపరు లార్న్ షాబోనూ, మార్టీ బర్క్‌నూ షికాగో బ్లాక్ హాక్స్ జట్టుకు ఇచ్చి, బదులుగా లయనెల్ కొనాకర్ మొదలైన ముగ్గురిని తెచ్చుకొన్నాడు. పోయేముందు మోరెంజ్‌కు వీడ్కోలు విందు చేసినాడు.

వార్త తెలిసిన మాంట్రియల్ నివ్వెరపోయినది. నిన్నటివరకు ఎగతాళి చేసినవారే ఈనాడు యజమానిని నిందించినారు. ఇంటిలోని ముసలి ఎద్దును రోజూ తిట్టే రైతు, దానిని సంతలో అమ్మి వచ్చిన రాత్రి ఖాళీ కొట్టం చూచి అన్నం తినలేడు. ఫోరం ప్రేక్షకుల స్థితి అదే అయినది. తాము వేసిన ఈలలు కూడా అతణ్ణి సాగనంపినవన్న ఎరుక, ఆ కోపంలో కలిసి ఉన్నది.

మోరెంజ్ షికాగోలో 1934-35 సీజను ఆడినాడు. గోల్స్ 8 మాత్రమే అయినా 26 గోల్స్‌కు సహాయపడినాడు. పనికిరానివాడు కాలేదు, కాని ఆటలో మునుపటి మంట లేదు. యజమానితో పొసగలేదు. 1936 జనవరిలో షికాగో అతణ్ణి న్యూయార్క్ రేంజర్స్‌కు పంపివేసినది. అక్కడ 19 ఆటలు, 2 గోల్స్. స్ట్రాట్‌ఫర్డ్ విడువలేనని ఏడ్చిన మనిషి, రెండేండ్లలో రెండు పరాయి నగరాలలో హోటలు గదుల పాలైనాడు.

ఆ ప్రవాసంలో ఒక్క రాత్రి మాత్రం చెప్పుకోదగినది. పరాయి చొక్కా తొడిగి ఫోరంలో ఆడవచ్చిన మోరెంజ్, కెనడియన్స్ మీదనే గోల్ చేసినాడు. తమ జట్టు మీద గోల్ పడితే ప్రేక్షకులు మౌనం వహించటం సహజం. ఆ రాత్రి వారు లేచి నిలబడినారు. భవనమంతా చప్పట్లతో మారుమ్రోగినది. ఆ చప్పట్లలో క్షమాపణ ఉన్నది.

తిరిగి రాక

1935లో దాండ్యురాన్ కెనడియన్స్ జట్టును అమ్మివేసినాడు. కొత్త యాజమాన్యం కింద 1935-36లో జట్టు తన విభాగంలో అందరికంటె అడుగున పడినది. దానిని లేవనెత్తటానికి పాత శిక్షకుడు సెసిల్ హార్ట్‌ను పిలిచినారు. 1930, 1931లలో కప్ గెలిపించినవాడతడు. హార్ట్ ట్రోఫీని నెలకొల్పినవాడు అతని తండ్రియే. సెసిల్ హార్ట్ ఒక షరతు పెట్టినాడు: మోరెంజ్‌ను తిరిగి తీసుకొనిరావలెను. 1936 సెప్టెంబరులో మోరెంజ్ మాంట్రియల్ చేరినాడు.

ముప్పై నాలుగేండ్ల మోరెంజ్ 1930 నాటి మోరెంజ్ కాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, ప్రేక్షకులకూ తెలుసు. అయినా జోలియా ఎడమప్రక్కన, జానీ గాన్యాన్ కుడిప్రక్కన నిలువగా, 7 అంకె చొక్కాతో అతడు మంచుమీద అడుగుపెట్టినప్పుడు ఫోరంలో పాత కాలం తిరిగివచ్చినది. 30 ఆటలలో గోల్స్ 4 మాత్రమే చేసినాడు, సహాయాలు 16. ఇతరులను నడిపించే పెద్దరికం అతనికి కొత్తగా అబ్బినది. అడుగున పడి ఉన్న జట్టు ఆ సీజనులో తన విభాగానికి మొదటి స్థానం అందుకొన్నది. ఈమారు ఎవ్వరూ ఈల వేయలేదు. పోగొట్టుకొని తిరిగి పొందినదాని విలువ వారికి తెలిసివచ్చినది.

ఈ సంతోషానికి ఆయుస్సు అయిదు నెలలు.

1937 జనవరి 28వ తేదీ రాత్రి ఫోరంలో షికాగో జట్టుతో ఆట. మోరెంజ్ పక్‌ను తరుముతూ బరి మూలకు దూసుకొనిపోయినాడు. పడినప్పుడు అతని పాదరక్ష అలుగు ప్రహరీ కొయ్యలో చిక్కుకొన్నది. వెంటాడుతున్న ఎర్ల్ సీబర్ట్ అనే భారీ ఆటగాడు ఆ వేగంలోనే వచ్చి అతనిమీద పడినాడు. ఎడమ కాలు నాలుగు చోట్ల విరిగినది. ఆ విరిగిన చప్పుడు చాలాదూరం వినబడినదని చూచినవారు చెప్పేవారు.

ఆసుపత్రిలో మొదటి రోజులు ఉత్సవం వలె గడిచినవి. మిత్రులూ, ఆటగాళ్ళూ, అభిమానులూ గుంపులు గుంపులుగా వచ్చినారు. గది నిండా పూలు, ఉత్తరాలు, సీసాలు. మోరెంజ్ నవ్వుతూ అందరినీ పలకరించినాడు, మళ్ళీ ఆడతానన్నాడు. రోజులు గడిచినకొద్దీ నవ్వు తగ్గినది. కాలు కట్టులో ఉన్నది; ఆట ముగిసిపోయినదన్న నిజం రాత్రిపూట మేలుకొని ఉన్న మనిషికి దాచితే దాగదు. మనస్సు చెదిరినది. వైద్యులు సందర్శకులను నియంత్రించవలసి వచ్చినది. 1937 మార్చి 8వ తేదీ రాత్రి అతడు మంచం దిగబోయి కుప్పకూలి మరణించినాడు. గాయం వల్ల గడ్డకట్టిన నెత్తురు గుండెకు అడ్డుపడినదని నిర్ణయించినారు. జోలియా మాత్రం తన మిత్రుడు గుండె పగిలి చనిపోయినాడనే కడవరకూ నమ్మినాడు. వైద్యశాస్త్రం చెప్పినదీ మిత్రుడు చెప్పినదీ రెండూ గుండెనే చూపినవి.

మరునాడు ఫోరంలో కెనడియన్స్ జట్టుకు నగరంలోని మరో జట్టు మెరూన్స్‌తో ఆట ఉన్నది. ఆపుదమని తలచినా, ఆట జరగటమే హోవీకి ఇష్టమని భార్య చెప్పినది. ఆటగాళ్ళు చేతికి నల్లగుడ్డ కట్టుకొని ఆడినారు. మార్చి 11వ తేదీన అతని శవపేటికను ఫోరం బరి నడుమ, అతడు ఆట ఆరంభించే చోట ఉంచినారు. సహచరులు కాపలా నిలిచినారు. పదివేలమందికి పైగా లోపల కూర్చున్నారు. వెలుపల వీధులలో మరెన్నో వేలమంది నిలిచినారు. ఆ భవనంలో అంతమంది ఉండి అంత నిశ్శబ్దం అంతకు ముందెన్నడూ లేదు. లక్షాధికారులు టోపీలు తీసి తమ తమ వరుసలలో నిలబడినారు. మాంట్‌రాయల్ శ్మశానవాటికలో అతణ్ణి సమాధి చేసినారు.

అభిమానపు రెండు ముఖాలు

ఇంతటితో ప్రజల కోపతాపాలు ముగియలేదు. సీబర్ట్ కావలెనని చేసిన పని కాదు. ఆటలో అటువంటి ఢీకొట్టుడు నిత్యకృత్యం. అయినా ఆ తరువాత అతడు మాంట్రియల్ వచ్చినప్పుడల్లా ఫోరం అతణ్ణి ఈలలతో తరిమినది. ఆ మృత్యువు భారం సీబర్ట్ తన బ్రదుకంతా మోసినాడు. ఒకనాడు మోరెంజ్ మీద వేసిన ఈలల పాపాన్ని ప్రేక్షకులు సీబర్ట్ మీద వేసిన ఈలలతో కడుగుకొన్నారేమో. పాపం అలా కడిగితే పోదు. కాని గుంపుకు ఆ వివేకం కలగటం అరుదు.

మరొక ముఖం ఇంతకంటె మేలైనది. మోరెంజ్ సంపాదించినదంతా ఖర్చుచేసినవాడు. మేరీకి, పిల్లలకు ఆధారం కల్పించటానికి 1937 నవంబరులో ఫోరంలో ప్రత్యేకమైన ఆట జరిపించినారు. కెనడియన్స్, మెరూన్స్ కలిసి ఒక జట్టు. మిగిలిన లీగునుండి ఎంచిన ఉత్తములు మరొక జట్టు. ఫ్రెంచివారి జట్టూ ఆంగ్లేయుల జట్టూ మాంట్రియల్‌లో ఒకే వైపు ఆడటం వింత. ఉత్తముల జట్టు 6-5తో గెలిచినది గాని ఆ రాత్రి ఎవరూ గెలుపోటములు ఎంచలేదు. అప్పుడే కెనడియన్స్ యాజమాన్యం 7 అంకెను ఇక ఎవ్వరికీ ఇవ్వరాదని నిర్ణయించినది. ఆ జట్టు అలా విరమింపజేసిన మొదటి అంకె అదే. 1945లో హాకీ కీర్తిమందిరం తొలివిడతగా ఎంచిన కొద్దిమందిలో మోరెంజ్ ఒకడు. 550 ఆటలు, 271 గోల్స్ అతని లెక్క. అందులో అత్యధిక భాగం మాంట్రియల్ చొక్కాలోనే.

అతని కుమార్తె మార్లీన్ 1952లో బెర్నీ జెఫ్రియాన్‌ను పెండ్లాడినది. అతడు కెనడియన్స్ జట్టులోనే 5 అంకెతో ఆడి, ఆరుసార్లు స్టాన్లీ కప్ గెలిచిన మేటి. 5వ అంకెను కూడా ఇక ఎవ్వరికీ ఇవ్వరాదని నిశ్చయించి, 2006 మార్చి 11వ తేదీన ఉత్సవం ఏర్పాటు చేసినారు. మామగారి అంత్యక్రియలు జరిగిన తేదీ అదే. అరవైతొమ్మిది సంవత్సరాలు గడిచినవి. ఆ ఉదయమే జెఫ్రియాన్ మరణించినాడు. ఉత్సవం ఆగలేదు. అప్పటికే పైకప్పునుండి వేలాడుతున్న 7 అంకె పతాకాన్ని కొంత క్రిందికి దించి, 5 అంకె పతాకంతో జతచేసి, రెండింటినీ కలిపి పైకి ఎత్తినారు. మార్లీన్ ఆ దృశ్యం చూస్తూ నిలబడినది. ఒకరు తండ్రి, ఒకరు భర్త.

తమ ఆటగాణ్ణి పోగొట్టుకొన్న అభిమానులు నేటికీ ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట దుఃఖిస్తూనే ఉన్నారు. పోయినవాడు ద్రోహి అని కొందరు, యజమాని లోభి అని కొందరు. స్ట్రాట్‌ఫర్డ్ వారు మోరెంజ్‌ను ఆపలేకపోయినారు. మాంట్రియల్ వారు అతణ్ణి తమ ఈలలతో పంపి, కన్నీటితో తిరిగి తెచ్చుకొన్నారు. ఆటగాడు యజమాని సొత్తుగా ఉన్న ఆ రోజులలో అతని ఇష్టాన్ని అడిగినవారు లేరు. అడిగి ఉంటే 1923లో మిచెల్ పిల్లవాడు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉండిపోయేవాడు. 1934లో మాంట్రియల్ మెరుపు మాంట్రియల్‌లోనే ఉండిపోయేవాడు. మొదటిది జరగనందుకు హాకీ ప్రపంచం సంతోషించవలెను. రెండవది జరగనందుకు మాంట్రియల్ వారు చాలాకాలం సిగ్గుపడినారు.